ఒకే ఓడలో పిండీ, ఎండ్రినూ

ఖతార్ రాజధాని దోహాకు దక్షిణంగా, సముద్రతీరాన ఉన్న అల్ వక్రా ఒకప్పుడు ముత్యాలవేటకూ చేపలవేటకూ పేరుపడిన ఊరు. ఆ ఊరికి కాస్త దక్షిణాన, ఉమ్ అల్ హౌల్ దగ్గర, ఇప్పుడు హమద్ రేవు ఉంది. 2017 సెప్టెంబరు 5న లాంఛనంగా ప్రారంభమైన ఈ రేవే ఆ దేశపు ప్రధాన వాణిజ్య ద్వారం. బియ్యం, గోధుమలు, పప్పులు, వంటనూనెలు, ఆ ఎడారినేల పండించలేని సరుకులెన్నో ఓడల్లో వచ్చి ఇక్కడ దిగుతాయి. ఖతార్ జనాభాలో భారతీయులదే అతిపెద్ద సమూహం. వారిలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప, గోదావరి ప్రాంతాలనుంచి పనికోసం వెళ్ళిన తెలుగువారు చాలామంది ఉన్నారు. క్యాంపు మెస్సులో వారి కంచంలోకి వచ్చే అన్నం, రొట్టె, పప్పు ఆ నేలమీద పండినవి కావు.

ఇంతగా దిగుమతులమీద ఆధారపడ్డ దేశంలో తిండి విషయమై రెండు భయాలుంటాయి. తిండి రాదేమోనన్నది ఒకటి. వచ్చిన తిండిలో ఏం కలిసిందోనన్నది రెండవది. తెలుగులో ఈ రెంటికీ 'ఆహారభద్రత' అన్న ఒకే మాట వాడటం అలవాటైంది. అందువల్ల రెండవ భయం తరచుగా మొదటిదాని చాటున ఉండిపోతుంది. ఈ వ్యాసం ఆ రెండవదాని గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, తిండిలోని ముప్పును అది ప్రాణాలమీదికి రాకముందే గుర్తుపట్టడం సాధ్యమా అన్న ప్రశ్న గురించి. ఆ ప్రశ్నకు సంబంధించి ఖతార్ చరిత్రలోనే ఒక చేదు అధ్యాయం ఉంది. విషవైద్య గ్రంథాల బయట దాని ప్రస్తావన ఇప్పుడు అరుదు.

1967 వేసవి

1967 జూన్, జూలై నెలల్లో దోహాలోనూ, పొరుగున సౌదీ అరేబియాలోని హోఫుఫ్ పట్టణంలోనూ కలిపి నాలుగుసార్లు జనం ఉన్నట్టుండి పెద్దసంఖ్యలో జబ్బుపడ్డారు. మొత్తం 874 మంది ఆసుపత్రుల్లో చేరారు. వారిలో దోహావారు 691 మంది, హోఫుఫ్ వారు 183 మంది. చనిపోయినవారు దోహాలో 24 మంది, హోఫుఫ్‌లో ఇద్దరు. ఆసుపత్రి గడప తొక్కకుండానే బాధపడి కోలుకున్నవారు ఇంకా ఎందరో ఉన్నారని పరిశోధకులు అంచనా వేశారు. ఖతార్ అప్పటికి బ్రిటిష్ రక్షణలో ఉన్న చిన్న రాజ్యం; దానికి స్వాతంత్ర్యం 1971లో గాని రాలేదు. పైగా ఆ జూన్ 5నే అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం మొదలైంది. అలాంటి రోజుల్లో వందలమంది ఒక్కసారిగా మూర్ఛలతో పడిపోతుంటే ఎవరి అనుమానం ఎటైనా పోగలదు.

విషం ఎండ్రిన్. 1950ల తొలినాళ్ళలో అంగడికెక్కిన పురుగుమందు. డీల్డ్రిన్‌కు దగ్గరి బంధువు, దానికంటే తీక్ష్ణమైనది. మెదడులో నాడీకణాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే గాబా అనే పదార్థం పనిని ఇది అడ్డుకుంటుంది. దానితో కళ్ళెం తెగిన గుర్రంలా నాడులు చెలరేగుతాయి. విషం కడుపులో పడ్డ కొద్ది గంటలలోపే తలతిప్పు, వికారం, వాంతి, కండరాల అదురు మొదలై, ఏ హెచ్చరికా లేకుండా ఒళ్ళంతా కొట్టుకునే మూర్ఛ వస్తుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. మూర్ఛను అణచి, ఊపిరి నిలిపి ఉంచగలిగితే చాలామంది త్వరగానే తేరుకుంటారు. డీల్డ్రిన్‌లా కాకుండా ఎండ్రిన్ శరీరంనుంచి త్వరగా వెళ్ళిపోతుంది. రోగికి ఇది మేలే గాని, పరిశోధకుడికి చిక్కు: రక్తం తీయడంలో ఆలస్యమైతే సాక్ష్యమే మిగలదు.

విషం వచ్చింది రొట్టెలోంచి. రొట్టెలోకి వచ్చింది పిండిలోంచి. పొయ్యి వేడి దాన్ని పోగొట్టలేదు. పిండిలోకి ఎలా వచ్చిందన్న విచారణ ఓడలదాకా వెళ్ళింది. రెండు వేర్వేరు ఓడల్లో పిండి బస్తాలనూ ఎండ్రిన్ డబ్బాలనూ ఒకే సరుకు గదిలో వేశారు. రెండింటిలోనూ ఎండ్రిన్ పైన ఉంది, పిండి కింద ఉంది. ప్రయాణంలో డబ్బాలు కారాయి; కారిన మందు బస్తాల్లోకి ఇంకింది. ఈ వివరాలన్నిటినీ డి. ఇ. వీక్స్ అదే ఏడాది ప్రపంచ ఆరోగ్యసంస్థ బులెటిన్‌లో ప్రచురించాడు. రొట్టెలోనూ, రోగుల రక్తంలోనూ, మూత్రంలోనూ, మృతుల కణజాలంలోనూ ఎండ్రిన్‌ను గ్యాస్ క్రొమటోగ్రఫీతో కొలిచి చూపడం ఆ పత్రానికి బలం. అంతకు పదేళ్ళముందు, 1957లో, జేమ్స్ లవ్‌లాక్ కనిపెట్టిన ఎలక్ట్రాన్ గ్రాహక పరికరం ఇలాంటి క్లోరిన్ విషాలను అతిసూక్ష్మ మోతాదులో కూడా పట్టగల దారి వేసింది. 

ఆ పత్రంలో వైద్యం చేసేవారి దృష్టి రోగలక్షణాలమీద నిలవడం సహజం. చరిత్ర చదివేవారు మాత్రం ఆగవలసిన చోటు 'రెండు వేర్వేరు ఓడలు' అన్న మాట దగ్గర. ఒక్క ఓడలో జరిగితే దాన్ని నావికుల అజాగ్రత్త అని సరిపెట్టుకోవచ్చు. ఒకే వేసవిలో, ఒకే తీరానికి వచ్చిన రెండు ఓడల్లో అదే అమరిక, అదే కారుడు, అదే ఫలితం కనిపించాయంటే ఆ అమరిక అప్పటి వాడుకలో మామూలు విషయమై ఉండాలి. అంటే అంతకుముందు కూడా ఎన్నో ఓడల్లో పిండిమీద విషం ప్రయాణించి ఉంటుంది, కారకపోవడంవల్ల ఎవరికీ తెలియలేదు.

తెలుగువారి ఎండ్రిన్

ఈ విషం పేరు తెలుగు పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. పత్తికీ ఇతర పంటలకూ కొట్టే మందుగా వచ్చిన ఎండ్రిన్, ఆంధ్రదేశపు పల్లెల్లో అతి త్వరగా ఆత్మహత్యకు మారుపేరైంది. 'ఎండ్రిన్ తాగాడు' అంటే మరో వివరణ అవసరం ఉండేది కాదు. సీసాలో ఉన్నది వేరే మందైనా జనం నోట అది ఎండ్రినే. భారతప్రభుత్వం 1990 మేలో దీన్ని నిషేధించింది. ప్రపంచస్థాయిలో 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందం మొదటి పన్నెండు విషాల జాబితాలో దీన్ని చేర్చింది. మందు పోయినా మాట భాషలో మిగిలిపోయింది.

ఈ పరిచయంలో ఒక లోపం ఉంది. ఎండ్రిన్ అంటే మనిషి తెలిసి తాగే విషమన్న ముద్ర బలపడటంవల్ల, తెలియకుండా తినే విషంగా దాన్ని ఊహించే అలవాటు ఏర్పడలేదు. ఒక మనిషి తాగితే అది పోలీసు కేసు. నూరుమంది తింటే అది మాత్రం 'వింతవ్యాధి'. 1984లో పాకిస్తాన్ పంజాబులోని తలాగంగ్ చుట్టుపక్కల పల్లెల్లో దాదాపు రెండువందలమందికి మూర్ఛలు వచ్చాయి. 19 మంది చనిపోయారు. బాధితుల్లో అత్యధికులు చిన్నపిల్లలు. జూలైలో మొదలై సెప్టెంబరుదాకా సాగిన ఆ ఉదంతానికి కారణం ఎండ్రిన్ అని తేలింది; అది చక్కెరద్వారా చేరి ఉంటుందని పరిశోధకులు భావించారు. ఎండ్రిన్ వాడుక ఎరిగిన దేశంలోనే అది రెండు నెలలకు పైగా సాగింది.

2020 డిసెంబరు తొలివారంలో ఏలూరులో ఆరువందలమందికి పైగా ఆసుపత్రుల పాలైనప్పుడు కూడా లక్షణాలు ఇలాంటివే: ఉన్నట్టుండి పడిపోవడం, మూర్ఛ, కాసేపటికి తేరుకోవడం. తొలి పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు. తరువాత నిపుణుల చూపు పురుగుమందుల అవశేషాలవైపు మళ్ళింది. ఏలూరుకు ఎండ్రిన్ కారణమని ఇక్కడ సూచించడం లేదు. కాని, జ్వరం లేకుండా, ఒకరినుంచి ఒకరికి అంటకుండా, అన్ని వయసులవారికీ ఒకేసారి మూర్ఛలు వస్తే మొదట వెదకవలసింది తిండిలోనూ నీళ్ళలోనూ అన్న సంగతి 1967 నాటికే వైద్యసాహిత్యంలో చేరింది. లక్షణాలలో మరో తేడా కూడా పనికొస్తుంది. పారాథియాన్ వంటి భాస్వరపు మందులైతే కంటిపాప సూదిమొనంత అవుతుంది, చొంగ కారుతుంది, చెమట పడుతుంది, అట్రోపిన్ పనిచేస్తుంది. ఎండ్రిన్ జాతివైతే ఈ స్రావాలు ప్రధానంగా కనిపించవు, మూర్ఛే ముందుంటుంది. ప్రయోగశాల ఫలితం వచ్చేలోగా ఈ మాత్రపు గుర్తింపు చేయగలిగేది అత్యవసర విభాగంలో ఉన్న వైద్యుడే.

ముందే అందిన కబుర్లు

దోహా ఘటనను ముందుగా ఊహించడం సాధ్యమేనా? సాధ్యమే అనడానికి రెండు బలమైన ఆధారాలున్నాయి.

మొదటిది 1956 నాటిది. వేల్స్‌లో రొట్టె తిని 59 మంది జబ్బుపడ్డారు, ఎవరూ చనిపోలేదు. ఆ రొట్టెల పిండిని తెచ్చిన రైలు పెట్టెలో అంతకుముందెప్పుడో ఎండ్రిన్ ఒలికింది. పిండీ ఎండ్రినూ అక్కడ కలిసి ప్రయాణించనైనా లేదు. మందు దిగిపోయాక ఎక్కిన పిండికి నేలమీద మిగిలిన మరక చాలింది. ఈ సంగతి అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. అదే విషం, అదే సరుకు, పదకొండేళ్ళ ముందు.

రెండవది మరింత దగ్గరిది, మరింత ఘోరమైనది. 1958 ఏప్రిల్, మే నెలల్లో కేరళలోనూ మద్రాసు రాష్ట్రంలోనూ విషం కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయారు. కేరళలో తిండిలో కలిసింది ఫాలిడాల్ అనే పేరుతో అమ్మిన పారాథియాన్. ఓడలో తిండిసరుకుతో కలిపి వేసిన మందు కారి గోధుమపిండికి పట్టింది. ఎండ్రిన్ బదులు పారాథియాన్ అని మార్చుకుంటే ఇది దోహా కథే. భారతప్రభుత్వం బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జె. సి. షా అధ్యక్షతన విచారణసంఘాన్ని వేసింది. ఆ విచారణతో మొదలైన ఆలోచనే చివరకు 1968 నాటి పురుగుమందుల చట్టంగా రూపుదాల్చింది. మరణాలకూ చట్టానికీ మధ్య పదేళ్ళు. ఆ పదేళ్ళలోపలే దోహా. 1971లో వచ్చిన నియమాల్లో పురుగుమందులను ఆహారపదార్థాలకూ పశువుల మేతకూ తగిలేలా రవాణా చేయరాదనీ, నిలవ ఉంచరాదనీ స్పష్టంగా రాశారు. దారిలో డబ్బా పగిలి మందు కలిసిన తిండిని అధికారులు పరీక్షించకుండా జనానికి వదలరాదని కూడా రాశారు. ఆ వాక్యాల వెనక కేరళ శవాలున్నాయి.

అయితే వేల్స్ కబురు వైద్యపత్రికలో ఉంది. కేరళ కబురు న్యాయవిచారణ దస్త్రాల్లో ఉంది. ఓడ సరుకుగదిలో ఏది పైన, ఏది కింద అని నిర్ణయించేవాడు ఈ రెండూ చదివేవాడు కాదు. అంతర్జాతీయ సంస్థలు లేకపోలేదు. కోడెక్స్ ఆహారప్రమాణాల సంఘం 1963లో పుట్టింది. పురుగుమందుల అవశేషాలపై ఆహార, ఆరోగ్యసంస్థల సంయుక్త సమావేశాలూ ఆ ఏడాదే మొదలయ్యాయి. ఓడల్లో ప్రమాదకర సరుకుల రవాణాకు అంతర్జాతీయ నియమావళిని 1965లో ఆమోదించారు. దోహా నాటికి మూడూ ఉన్నాయి. కోడెక్స్ లెక్కలు పొలంలో కొట్టిన మందు గింజలో ఎంత మిగిలిందన్నదాని చుట్టూ తిరిగేవి. ఓడల నియమావళి అప్పటికి ఆయా దేశాలు తమకు తాముగా అమలు చేసుకోవలసిన సలహా. అది తప్పనిసరి అయింది 2004లో. పొలానికీ వంటగదికీ మధ్య ఉన్న ప్రయాణానికి మాత్రం పూర్తి బాధ్యుడెవరూ లేరు.

ఐరోపా ఆహార నిరపాయతా సంస్థ 2007లో, తలెత్తుతున్న ముప్పు అంటే ఏమిటో నిర్వచించింది. కొత్తగా గుర్తించిన హానికర పదార్థంవల్ల వచ్చేది ఒక రకం. ఎప్పుడో తెలిసిన హానికర పదార్థమే అనుకోని దారిలో, లేక అనుకోని మోతాదులో మనిషిని చేరడం మరో రకం. 'ఎమర్జింగ్ రిస్క్' అనగానే మనసులోకి వచ్చేది మొదటి రకమే: కొత్త వైరస్, కొత్త రసాయనం. కాని ఇక్కడ చెప్పుకున్న ఉదంతాలన్నీ రెండవ రకానివి. ఎండ్రిన్ విషమని దోహాలో ఎవరూ కొత్తగా కనిపెట్టనక్కరలేదు. కొత్తది దాని దారి. కాబట్టి పదార్థాల జాబితాలు ఎంత పొడుగ్గా రాసుకున్నా, దారులను గమనించకపోతే ఈ రకం ముప్పు ఆ జాబితాల సందుల్లోంచి జారిపోతూనే ఉంటుంది.

జారిపోయింది కూడా. అదే 1967 సెప్టెంబరులో మెక్సికోలోని తిహువానాలో చక్కెరలో పారాథియాన్ కలిసి వందలమంది విషానికి గురయ్యారు. నవంబరులో కొలంబియాలోని చికిన్‌కిరాలో, పిండినీ పారాథియాన్‌నూ ఒకే లారీలో వేసి తెచ్చిన పాపానికి, పిల్లలతో సహా డజన్లకొద్దీ మనుషులు చనిపోయారు. ఒకే ఏడాది, మూడు చోట్ల. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ బడిలో మధ్యాహ్నభోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినప్పుడు, విషం మోనోక్రోటోఫాస్. వంటనూనెను పురుగుమందు డబ్బాలో ఉంచారని విచారణలో బయటపడింది. ఓడ సరుకుగది తగ్గి తగ్గి ఒక డబ్బా అయింది, అంతే.

పాత కబురును చదవకపోవడానికి గల్ఫ్ తీరంలోనే మరో పెద్ద ఉదాహరణ ఇరాక్. విత్తనాలకు పట్టించిన పాదరసపు మందువల్ల అక్కడ 1956లోనూ 1960లోనూ జనం విషానికి గురయ్యారు. 1971–72లో మళ్ళీ మిథైల్ పాదరసం పట్టించిన విత్తనగోధుమలను దిగుమతి చేసి పల్లెలకు పంచారు. హెచ్చరికలు రైతులు చదవలేని భాషల్లో ఉన్నాయి. ఎర్రరంగు కడిగితే విషం పోయిందనుకుని వాటిని పిండి పట్టించి రొట్టెలు చేసుకున్నారు. ఆసుపత్రుల్లో చేరినవారు 6,530, ఆసుపత్రుల్లో చనిపోయినవారు 459. పాదరసం ఎండ్రిన్‌లా గంటల్లో కనిపించదు. తిన్న వారాల తరువాత గాని చేతులు తిమ్మిరెక్కి, చూపు కుంచించుకుపోవు. మొదటి రోగి వచ్చేసరికే చాలామంది గోధుమ తినేశారు. హెచ్చరిక ఎందుకు ముందుగా రావాలో చెప్పడానికి ఇంతకంటే వేరే లెక్క అక్కరలేదు.

రేవు దగ్గర

2017 జూన్ 5న, అంటే దోహా ఘటన జరిగిన వేసవికి సరిగ్గా యాభై ఏళ్ళకు, సౌదీ అరేబియా, దాని మిత్రదేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. అబూ సమ్రా వద్ద ఉన్న ఏకైక భూసరిహద్దు మూతపడింది. ఖతార్ ఆహార దిగుమతుల్లో దాదాపు 40 శాతం ఆ దారినే వచ్చేది. కొద్దిరోజుల్లోనే టర్కీనుంచి, ఇరాన్‌నుంచి విమానాల్లోనూ ఓడల్లోనూ సరుకు రావడం మొదలైంది. ఒమాన్ రేవుల మీదుగా కొత్త నౌకామార్గాలు ఏర్పడ్డాయి. పాలకోసం ఆవులనే విమానాల్లో తెచ్చిన వార్త ప్రపంచమంతా చదివింది. ఆ రోజుల్లో అందరి కళ్ళూ మొదటి భయంమీదే, దుకాణాల్లో అరలు ఖాళీ కాకుండా చూడటంమీదే నిలిచాయి. ఆ విజయం నిజమైనదే. కాని పై చరిత్ర చదివినవారికి కనిపించేది మరొకటి: ఎన్నో సరుకుల దారులు, అమ్మేవారు, పొట్లాలమీద భాషలు, గోదాములు ఒకే నెలలో మారిపోయాయి. ఆహారంలో ముప్పు పొంచి ఉండే సమయం ఇదే. హమద్ రేవు లాంఛనంగా ప్రారంభమైంది ఈ మార్పు నడిమధ్యలోనే.

అల్ వక్రా దగ్గరి సముద్రం కూడా మారుతున్న దారే. ఊరికి ఉత్తరాన రస్ అబూ ఫొంతాస్ వద్ద సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలున్నాయి. 2008–09లో గల్ఫ్, ఒమాన్ జలాల్లో వ్యాపించిన ఎర్రనాచు చేపలను చంపడమే గాక, ఆ ప్రాంతంలో కొన్ని నీటిశుద్ధి కర్మాగారాలను మూయించింది. వేడెక్కుతున్న సముద్రంలో ఇలాంటివి తరచైతే చేపకూ తాగునీటికీ ఒకేచోటినుంచి ముప్పు వస్తుంది. చేపల పరీక్ష ఒక శాఖది, నీటిది మరో శాఖది అయిన చోట, వేల్స్ పత్రికా కేరళ దస్త్రమూ కలవనట్టే, వీటి కబుర్లూ కలవకుండా పోవచ్చు.

ఇప్పుడు ఓడల్లో బస్తాలమీద డబ్బాలు పేర్చడం చాలావరకు పోయింది. సరుకు ఉక్కు పెట్టెల్లో, దేనికదిగా, మూసి వస్తుంది. 1967 నాటి దోహా ఓడల ముప్పు దీనితో బాగా తగ్గింది. 1956 నాటి వేల్స్ రైలు పెట్టె ముప్పు మాత్రం తగ్గలేదు, ఎందుకంటే ఒకే కంటెయినర్ ఈ నెల రసాయనం మోసి, వచ్చే నెల బియ్యం మోయగలదు. 2024 జూలైలో చైనాలో బయటపడ్డ వ్యవహారం ఇదే: ఇంధనం మోసిన ట్యాంకర్లలోనే, కడగకుండా, వంటనూనె నింపి తీసుకెళ్ళారు. వంటనూనెలను పెద్దమొత్తంలో రవాణా చేసే విషయమై కోడెక్స్ 1987లోనే నియమావళి చేసింది; ట్యాంకులో అంతకుముందు ఏయే సరుకులు ఉండి ఉంటే ఫరవాలేదో చెప్పే జాబితాను కూడా తరువాత ఆమోదించింది. హమద్ రేవులో పప్పుబస్తాల పెట్టె తెరిచే తనిఖీదారు సరుకు నమూనా తీసుకుని ప్రయోగశాలకు పంపుతాడు. ఆ పెట్టె కిందటి ప్రయాణంలో ఏం మోసిందన్న ప్రశ్నకు జవాబు నమూనాలో ఉండకపోవచ్చు. పెట్టె నేల చెక్కల్లో ఉంటుంది, కిందటి రేవు కాగితాల్లో ఉంటుంది.